ఏడువేళ్ల మనోంగ్

అక్టోబరు మొదటి బుధవారం, నాలుగో తరగతి పిల్లల ముందు బల్ల మీద ఒక ద్రాక్షపళ్ల డబ్బా పెట్టాను. సూపర్ మార్కెట్లో దొరికే మామూలు ప్లాస్టిక్ డబ్బా, గింజల్లేని ఎర్రద్రాక్ష. "దీని మీద ఏం రాసుందో చదవండర్రా" అన్నాను. ఒకడు ధర చదివాడు. ఒకమ్మాయి బరువు చదివింది. వెనక బల్లవాడు లేచొచ్చి, డబ్బాని తలకిందులు చేసి, కళ్లు చికిలించి, "డెలానో, కాలిఫోర్నియా" అన్నాడు. అదెక్కడుందో ఎవరికీ తెలీదు. మా బడి నుంచి కారులో నాలుగు గంటల దారి.

నేను టీచర్ని కాను. ఫ్రీమాంట్‌లో కాపురం. మా చిన్నదాన్ని బళ్లో వేసినప్పుడు వాలంటీరుగా చేరాను. అందుకు కూడా వేలిముద్రలు ఇచ్చి, టీబీ పరీక్ష చేయించుకోవాలి ఇక్కడ. లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, గ్లూ మూతలు వెతకడం, బుధవారం ఒక గంట. మూడేళ్ల కిందట క్లాసు టీచరమ్మ, "మీది వ్యవసాయ కుటుంబం కదా, ఈ పాఠం మీరు చెబితే బావుంటుంది" అని ఒక ఫైలు నా చేతిలో పెట్టింది. ఫైలు మీద పేరు, లారీ ఇట్లియాంగ్. ఆ రాత్రి ఫోన్లో ఈ పేరు చెబితే గుంటూరు నుంచి మా అత్తయ్య, "లారీ ఏంటే, బండి పేరు పెట్టుకున్నాడా" అంది.

ఈ రాష్ట్రంలో నాలుగో తరగతి సాంఘికశాస్త్రమంటే కాలిఫోర్నియా చరిత్ర. వ్యవసాయ కూలీల ఉద్యమం అందులో ఉండాల్సిందే. ఆ ఉద్యమ నాయకుడు సీజర్ చావెజ్ పుట్టినరోజు మార్చి 31ని సెలవు చేస్తూ, ఆ సందర్భంగా పిల్లలతో సమాజసేవ చేయించాలని 2000లో చట్టం చేశారు. అయితే ఆ ఉద్యమంలో ముఖ్యమైన 1965 ద్రాక్షతోటల సమ్మెను మొదలుపెట్టింది చావెజ్ కాదు, ఫిలిపినో కూలీలు. వాళ్ల పాత్రను కూడా పాఠాల్లో చేర్చమని 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2015లో అక్టోబరు 25ని వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్ దినంగా ప్రకటించారు. మాకు పక్కనే ఉన్న యూనియన్ సిటీలో ఒక మిడిల్ స్కూలుకి ఇట్లియాంగ్, ఆయన సహచరుడు ఫిలిప్ వెరా క్రూజ్ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నారు. ఆ రోడ్డు మీద మన తెలుగువాళ్ల కార్లు రోజూ వందలు పోతుంటాయి. ఆ బోర్డు నేనూ చాలాకాలం చదివి వదిలేశాను.

మొదటి ఏడాది నేను చెప్పిన పాఠం గురించి చెప్పుకోవాలంటే సిగ్గే. బొమ్మకు రంగులు వేయించాను. "నాయకుడి మూడు మంచి లక్షణాలు రాయండి" అన్నాను. ధైర్యం, దయ, కష్టపడటం అని ముప్ఫైమందీ ఒకటే రాశారు. ఆ మూడూ మా ఇంటి కుక్కకి కూడా సరిపోతాయి. తర్వాత సేవా కార్యక్రమం. ఇక్కడ దానికి ఒక అచ్చు ఉంది, ఇళ్ల నుంచి డబ్బాల తిండి తెప్పించి ఫుడ్ బ్యాంకుకి పంపడం. తెచ్చారు. అలమర వెనక మూడేళ్లుగా పడున్న బీన్స్ డబ్బాలు, ఎవరూ తినని గుమ్మడికాయ గుజ్జు, తేదీ దాటిన సూపు. వాటిని ఏరుతూ కూర్చుంటే ఒక పిల్ల వచ్చి, "ఇవి ఎవరికి?" అంది. పొలాల్లో పనిచేసే కుటుంబాలకి కూడా వెళతాయన్నాను. "తిండి పండించేవాళ్లకే తిండి ఎందుకు తక్కువైంది?" అంది. "బెల్లు కొట్టారు, పద" అన్నాను. బెల్లు అప్పటికింకా కొట్టలేదు.

నా చిన్నప్పుడు మా బళ్లో కూడా శ్రమదానం ఉండేది. ఆఫీసరు వస్తున్నాడంటే మమ్మల్ని గంపలతో నిలబెట్టేవాళ్లు. మట్టిని ఈ మూల నుంచి ఆ మూలకి మోశాం, ఫొటో తీశారు, జీపు వెళ్లిపోయింది. మర్నాడు దాన్ని మళ్లీ ఈ మూలకి మోయించారు, గోలీలాడుకునే జాగాకి అడ్డంగా ఉందని. ఆ మట్టిగంపా ఈ సూపు డబ్బా నాకు ఒక్కలాగే కనిపించాయి. రెండో ఏడాది ఫైలు పక్కన పెట్టి ఆ మనిషి గురించి చదవడం మొదలుపెట్టాను.

ఇట్లియాంగ్ పుట్టింది 1913లో, ఫిలిప్పీన్స్‌లోని పంగాసినాన్ ప్రావిన్స్‌లో సాన్ నికోలస్ అనే ఊళ్లో. పదిహేనేళ్లకి, 1929లో, లాయరు కావాలని అమెరికా ఓడెక్కాడు. ఫిలిప్పీన్స్ అప్పుడు అమెరికా ఏలుబడిలో ఉండేది, అందుకని రావడానికి అడ్డు లేదు. వచ్చాక చదువు కుదరలేదు. అదే ఏడాది ఆర్థికమాంద్యం మొదలైంది. అలాస్కాలో సాల్మన్ చేపల కార్ఖానాలు, వాషింగ్టన్‌లో లెట్యూస్ పొలాలు, కాలిఫోర్నియాలో ఆస్పరాగస్, ద్రాక్ష. పంట ఎటు జరిగితే మనుషులూ అటు. పనిలో జరిగిన ప్రమాదంలో ఒక చేతికి మూడు వేళ్లు పోయాయి. అప్పటి నుంచి తోటివాళ్లు 'ఏడువేళ్లాయన' అని పిలిచారు. ఆయన ఆ పేరుని దాచుకోలేదు. నోట్లో చుట్ట, చాలా భాషల్లో మాట.

ఈసారి పిల్లల్ని గుణాలు రాయమనలేదు. ఒక చేతి మూడు వేళ్లు మడిచి, బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకోమన్నాను. తరగతి మొత్తం నేలమీద కూర్చుంది. మొదట నవ్వులు. తర్వాత మూలుగులు. ఒకడు పళ్లతో లాగాడు. ఒకమ్మాయి పక్కపిల్ల చెయ్యి అరువు తెచ్చుకుంది, రెండు చేతులూ ఇద్దరు మనుషులవి, తాడు మాత్రం ఒకటి. నేనేమీ అనలేదు. అప్పుడే చెబితే చెడిపోయేది.

తర్వాత ఆటస్థలంలో ఇసుక గుంటలో పచ్చరంగు స్ట్రాలు గుచ్చాం. ఆస్పరాగస్ అంటే మన శతావరి జాతే. మొక్క నేల చీల్చుకుని పైకి వచ్చినప్పుడు, ఆకు విచ్చకముందే, పొడవాటి కత్తితో మట్టిలోపల కోయాలి. స్టాక్టన్ చుట్టుపక్కల డెల్టా భూముల్లో ఈ పని ఎక్కువగా ఫిలిపినోలే చేశారు. ఫిలిపినోలు పొట్టివాళ్లు, వాళ్లకి వంగడం సులువని ఆసాములు అనేవాళ్లట. మా పిల్లలందరూ పొట్టివాళ్లే, తొమ్మిదేళ్లవాళ్లు. నడుం వంచి, స్కేలుతో ఒక్కో స్ట్రా పీకుతూ, తల ఎత్తకుండా అయిదు నిమిషాలు చేయమన్నాను. మూడో నిమిషానికి సగంమంది మోకాళ్ల మీదకి వచ్చారు. "పొట్టిగా ఉంటే నొప్పి పుట్టదని ఎవరు చెప్పారు?" అని ఒక పొట్టిది నామీద విరుచుకుపడింది.

ఇక లెక్కలు. మా బళ్లో చరిత్ర గంట, లెక్కల గంట వేరు. కూలీల చరిత్రని లెక్కల్లేకుండా చెబితే అది పురాణమవుతుందని నా అభిప్రాయం. 1965 వేసవి మొదట్లో దక్షిణాన కోచెల్లా లోయలో ఫిలిపినో ద్రాక్ష కూలీలు గంటకు 1.40 డాలర్లు అడిగి సాధించుకున్నారు. మెక్సికో నుంచి ప్రభుత్వ ఒప్పందం మీద తెచ్చే కూలీలకు నిర్ణయించిన రేటు అదే. పంట ఉత్తరానికి జరిగి డెలానో చేరేసరికి, తోటల యజమానులు అంత ఇచ్చేది లేదన్నారు. సెప్టెంబరు 8న ఇట్లియాంగ్ నాయకత్వంలో వెయ్యిమందికి పైగా ఫిలిపినోలు పనిలోకి దిగలేదు. అడిగింది గంటకు 1.40 డాలర్లు, ఆ పైన పెట్టెకు 25 సెంట్లు.

మన భాషలో చెప్పాలంటే రోజుకూలీ, గుత్తా రెండూ కలిపి అడిగారు. పిల్లలకి బోర్డు మీద వేయించాను. ఎనిమిది గంటలకి 11.20. గంటకి రెండు పెట్టెలు నింపావనుకో, పదహారు పెట్టెలకి 4 డాలర్లు, మొత్తం 15.20. "గంటకే ఇచ్చి పెట్టెకి ఇవ్వకపోతే?" అంటే చురుకైనవాళ్లు నష్టపోతారన్నారు. "పెట్టెకే ఇచ్చి గంటకి ఇవ్వకపోతే?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ముసలివాళ్లకి అన్యాయం" అన్నాడు వెనక బల్లవాడు. అప్పటికి ఆ ఫిలిపినోల్లో చాలామందికి యాభై, అరవై ఏళ్లు. నేను ఆ మాట ఇంకా చెప్పనేలేదు.

వీళ్లని మనోంగ్‌లు అంటారు. ఇలొకానో భాషలో మనోంగ్ అంటే అన్న. ఊళ్లో మనం "అన్నా" అన్నట్టే, వయసులో పెద్దయిన ప్రతి మగవాణ్నీ అలాగే పిలుస్తారు. "వాళ్లకి పిల్లలుంటే సాయం చేసేవాళ్లు కదా?" అని ఒకమ్మాయి అడిగింది. నాలుగో తరగతికి ఎంతవరకు చెప్పాలని టీచరమ్మ వైపు చూశాను, చెప్పమన్నట్టు తలాడించింది. మగవాళ్లు వచ్చారు, ఆడవాళ్లు చాలా తక్కువమంది వచ్చారు. తెల్లజాతి స్త్రీలని ఫిలిపినోలు పెళ్లాడకూడదని కాలిఫోర్నియా చట్టం ఉండేది, అది 1948 దాకా పోలేదు. 1934లో చట్టం మారి, ఫిలిప్పీన్స్ నుంచి ఏడాదికి 50 మందికే రావడానికి వీలయింది. దాంతో చాలామంది ఒంటరిగానే ముసలివాళ్లయ్యారు. ఆసామి వేసిన క్యాంపే ఇల్లు. సమ్మె మొదలవగానే ఆ క్యాంపుల్లో కరెంటు, నీళ్లు ఆపేసి వాళ్లని బయటికి పంపారు.

ఇక్కడే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఉంది. ఫిలిపినోలు సమ్మె చేస్తే యజమానులు మెక్సికన్లని దించేవాళ్లు. మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలని దించేవాళ్లు. ఏళ్ల తరబడి అదే ఆట. క్యాంపులు వేరు, భాష వేరు, వంట వేరు. ఇట్లియాంగ్ ఈ చిక్కుముడి ఎక్కడుందో చూసి, మెక్సికన్ల సంఘం నడుపుతున్న చావెజ్ దగ్గరికి తనే వెళ్లి కలవమన్నాడు. తమ సంఘం ఇంకా సమ్మెకి తయారుకాలేదనుకుంటున్న చావెజ్, తోటి నాయకురాలు డొలొరెస్ వెర్టా ఆ మాట సభ్యుల ముందు పెట్టారు. సెప్టెంబరు 16న, మెక్సికో స్వాతంత్ర్య దినం నాడు, డెలానో చర్చి హాల్లో మెక్సికన్లు సమ్మెకి ఓటేశారు. ఫిలిపినో కమ్యూనిటీ హాలు రెండు జాతులకీ వంటశాల అయింది. ఒకళ్ల తిండి ఒకళ్లకి అలవాటు లేదు, అయినా ఒకే వరసలో కూర్చుని తిన్నారు. శాన్ ఫ్రాన్సిస్కో వైపు నుంచి విద్యార్థులూ, వేరే కార్మిక సంఘాలవాళ్లూ కార్లలో తిండి సామాను వేసుకొచ్చారు. డబ్బాల తిండే! తేడా ఏంటని పిల్లలనే అడిగాను. "వాళ్లకి ఏం కావాలో అడిగి తెచ్చుంటారు" అంది, మొదటి ఏడాది నన్ను ప్రశ్న అడిగిన పిల్లకి చెల్లెలు.

కూలీల గోడు వినడానికి చట్టం కూడా లేదు. 1935లో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చిన జాతీయ చట్టం వ్యవసాయ కూలీలని వదిలేసింది. అందుకే ఊరేగింపులు, కొనేవాళ్ల చేత ద్రాక్షని బహిష్కరింపజేయడం. 1966 వసంతంలో డెలానో నుంచి రాజధాని శాక్రమెంటోకి నడిచారు. ఆ ఆగస్టులో రెండు సంఘాలూ ఒకటయ్యాయి. "ద్రాక్ష కొనొద్దు" అన్న మాట దేశమంతా పాకింది. అయిదేళ్లు పట్టింది. 1970 జులై 29న తోటల యజమానులు ఒప్పందాల మీద సంతకాలు చేశారు. కూలి పెరిగింది, పురుగుమందుల విషయంలో జాగ్రత్తలు వచ్చాయి. అయిదేళ్లంటే ఎంతో పిల్లలకి తెలియాలని, "మీరు కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు మొదలై ఈ ఏడాది బడి మూసేనాటికి ముగుస్తుందనుకోండి" అన్నాను. ఒకడు నిజంగానే ఈల వేశాడు.

మరుసటి ఏడే, 1971లో, ఇట్లియాంగ్ ఆ సంఘం నుంచి బయటికి వచ్చేశాడు. సంఖ్యలో ఎక్కువున్న మెక్సికన్ల మధ్య ఫిలిపినోల మాట వినపడటం లేదన్నది ఆయన బాధ. ఇది పిల్లలకి చెప్పాలా వద్దా అని ఒక తల్లి నాతో వాదించింది. "కలిసి గెలిచారు అని ఆపేస్తే చాలదా?" అంది. చాలదు. ఇంట్లో అమ్మానాన్నల గొడవలు చూసే పిల్లలకి పెద్దవాళ్లు కలిసి పనిచేసి కూడా విడిపోతారని తెలుసు. దాచింది మనమే అని తెలిస్తే తర్వాత ఏది చెప్పినా నమ్మరు. ఆయన బయటికి వచ్చాక కూడా ఫిలిపినో వృద్ధుల కోసం పనిచేస్తూనే ఉన్నాడు. 1977లో డెలానోలోనే పోయాడు, అరవై మూడేళ్లకి.

డెలానోకి నేను పోయిన వేసవి సెలవుల్లో వెళ్లాను. హైవే 99 మీద బాదం తోటలు, మధ్యలో ద్రాక్ష, ఆకాశం దుమ్ము రంగు. ఊరికి పడమట సంఘంవారి స్థలం, ఫార్టీ ఏకర్స్ అంటారు. అందులో ఎర్ర పెంకుల కప్పుతో అగ్బయానీ విలేజ్. సమ్మెలో పికెట్ లైను మీద గుండె ఆగి చనిపోయిన పావులో అగ్బయానీ పేరు మీద 1974లో తెరిచారు. క్యాంపులు పోయి, కుటుంబాలు లేక, వీధిన పడ్డ మనోంగ్‌ల కోసం. ఆ ఇళ్లని కట్టింది చాలావరకు వాలంటీర్లు. వేలమంది వచ్చారు, వాళ్లలో కాలేజీ పిల్లలు ఎక్కువ. ఇటుకలు మోశారు, గోడలు లేపారు. ముప్ఫై నలభై ఏళ్లు వరసమంచాల క్యాంపుల్లో బతికిన ముసలాయనకి తలుపు వేసుకునే గది. వరండాలో అరగంట నిలబడ్డాను. శ్రమదానం అనే మాట నా చిన్నప్పటి నుంచీ విన్నదే, దానికి గోడలుంటాయని ఆ రోజు చూశాను.

ఆ ఫొటోలు పిల్లలకి చూపించి, ఈసారి సేవ ఏం చేద్దామో మీరే చెప్పండన్నాను. ఇళ్లు కడదామన్నారు. బడ్జెట్ చెప్పాను. చివరికి తేలింది ఇది. బడికి రెండు వీధుల అవతల వృద్ధుల అపార్ట్‌మెంట్లున్నాయి. అక్కడికి వెళ్లి ఒక్కొక్కరి చెయ్యి కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ చెయ్యి జీవితంలో ఏ పని చేసిందో లోపల రాయాలి. మర్నాడు వాళ్లకి ఏం కావాలో అడిగి అది చేయాలి. ఎక్కువమంది అడిగింది ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టమని. పది నిమిషాల పని. ఇన్నాళ్లూ ఎవరూ చేసిపెట్టలేదు.

ఆ రోజు మా అత్తయ్యని కూడా తీసుకెళ్లాను. ఆర్నెల్లకి వచ్చింది, ఇంట్లో తోచక తిరుగుతోంది. ఆ హాల్లో హేవార్డ్ కార్ఖానాలో టమాటాలు ఏరిన ఒక ఫిలిపినో అవ్వ, హోటల్లో గదులు తుడిచిన ఒకావిడ, నర్సుగా రిటైరైన ఇంకొకావిడ ఉన్నారు. వెనక బల్లవాడు మా అత్తయ్య ముందు కూర్చున్నాడు. వాడి నాయనమ్మ వాట్సన్‌విల్‌లో స్ట్రాబెర్రీలు కోసేదని అప్పుడే తెలిసింది. పెన్సిలు వేళ్ల సందుల్లోకి పోతుంటే అత్తయ్య చక్కిలిగింతలకి నవ్వింది. ఏం పని చేశారని అడిగాడు. మిరపకాయలు, అంది. కోత రోజుల్లో చేతులు ఎలా మండేవో, రాత్రి మజ్జిగలో ముంచి పడుకున్నా కంటికి తగిలితే ఎలా ఉండేదో చెప్పింది. నేను ఇంగ్లిష్‌లోకి మార్చి చెబుతున్నాను.

వాడు మధ్యలో ఆపి నన్నొక ప్రశ్న అడిగాడు. తెలుగులో అది ఒకటి రెండు అక్షరాల తేడా. "కోశారా, కోయించారా అంటున్నాడు అత్తయ్యా."

ఆవిడ కాసేపు కాగితం వైపు చూసింది. "పుట్టింట్లో కోశాను. మీ ఇంటికొచ్చాక కోయించాను."

"కిలోకి ఎంత ఇచ్చేవారు?"

"ఆ ఏడు ఊళ్లో ఎంత నడిస్తే అంత."

"ఎక్కువ అడిగితే?"

"ఒక ఏడాది అడిగారు" అంది అత్తయ్య. కర్నూలు వైపు నుంచి వచ్చిన ముఠా, పిల్లాజెల్లాతో చేలోనే గుడారాలేసుకున్నవాళ్లు. పొద్దున్నే కాటా పెట్టేవేళకి గట్టు మీద కూర్చున్నారు, చేలోకి దిగలా. పండుకాయ రాలిపోతోంది, మబ్బు పట్టింది, మామయ్యకి కాలూ చెయ్యీ ఆడలేదు.

"మరి ఏం చేశారు?"

"పక్క ఊళ్లో ఉన్న ముఠాకి కబురు పెట్టాం."

"వచ్చారా?"

"వచ్చారు."

వాడు అదంతా గీసిన చెయ్యి లోపల రాసుకున్నాడు. చోటు చాలక చివరి రెండు మాటలు మణికట్టు కిందికి దిగాయి.

ఆ కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది. ఆ రాత్రి అన్నాలయ్యాక అత్తయ్య ద్రాక్షపళ్ల డబ్బా ముందుపెట్టుకుని ఒక్కోటీ తుంచుతూ కూర్చుంది. "అమ్మాయ్" అంది. "ఆ ఏడువేళ్లాయన పక్క ముఠా దగ్గరికి తనే వెళ్లాడన్నావు కదా. వెళ్లి ఏమని అడిగి ఉంటాడంటావ్?"